ఇంటర్ వృత్తి కోర్సు పిల్లల ఓజేటీకి డబ్బు ఎలా సమకూర్చాలి

ఓజేటీ, అంటే ఆన్ ద జాబ్ ట్రైనింగ్ (కోర్సులో భాగంగా పని చోటికే వెళ్లి నేర్చుకోవడం), ఎక్కడ చతికిలపడుతుందో వృత్తి కోర్సు నడిపేవాళ్లందరికీ తెలుసు. షాపు దొరుకుతుంది, పిల్లలూ సిద్ధమే. రెండో వారానికి బస్సు ఛార్జీ లేక ముగ్గురు మానేస్తారు. బూట్లు లేవని ఇద్దరిని గేటు దగ్గరే ఆపేస్తారు. లెక్చరర్‌కు దారిఖర్చు ఎవరిస్తారో తేలక తనిఖీ జరగదు. చివరికి రికార్డు ఇంట్లో కూర్చుని రాసేసి సంతకం పెట్టించుకుంటారు.

ఇంత జరిగాక కూడా దాత ఎదురుపడితే మనం మొదట అడిగేది స్టైపెండే. నిజానికి స్టైపెండ్ చివరి పద్దు. ముందు ఒక విద్యార్థికి ఒక రోజుకు ఎంతవుతుందో పైసలతో సహా తేల్చి, ఏ పద్దును ఎవరి జేబులోంచి తేవాలో విడివిడిగా చూసుకోవాలి. మొత్తం ఖర్చు ఒక్కచోటే అడిగితే ఎవరూ ఇవ్వరు. ఇచ్చినా మరుసటి ఏడు ఆగిపోతుంది. ఇక్కడ చెప్పేది ప్రభుత్వ, ఎయిడెడ్ జూనియర్ కాలేజీలకూ, ఇంటర్ ఉన్న మోడల్ స్కూళ్లకూ, కేజీబీవీలకూ (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు) పనికొచ్చే పద్ధతి.

మొదట పుట్టిన తేదీల జాబితా

లెక్క వేసేముందు పిల్లల పుట్టిన తేదీలు ఒక కాగితం మీద రాసి, శిక్షణ మొదలయ్యే రోజుకు 18 నిండినవాళ్లు, నిండనివాళ్లు అని రెండుగా విడదీయండి. చాలా నిర్ణయాలు దీని మీదే ఆధారపడతాయి. 2016లో సవరించిన బాల, కౌమార కార్మిక చట్టం ప్రకారం 14 నుంచి 18 ఏళ్లలోపు వాళ్లను గనుల్లో, పేలుడు పదార్థాల దగ్గర, మండే సరుకు దగ్గర, ప్రమాదకర ప్రక్రియల్లో పెట్టకూడదు. ‘నేర్చుకోడానికి వచ్చారు, పనికి కాదు’ అన్న వాదన ప్రమాదం జరిగిన రోజు నిలబడదు. కెమికల్ యూనిట్ ఎంత పెద్ద కంపెనీదైనా, ఎంత డబ్బు ఇస్తానన్నా ఈ వయసు పిల్లలను అక్కడికి పంపొద్దు. ఎలక్ట్రికల్ పిల్లలకు మోటారు తీగ మళ్లీ చుట్టే రీవైండింగ్ షాపు, ప్యానెల్ బోర్డులు బిగించే వర్క్‌షాపు మంచివి. కరెంటు ఉన్న లైన్ మీద పని వద్దని ఒప్పందంలోనే రాయాలి.

షాపుకు ఇద్దరు, మహా అయితే ముగ్గురు. ఒకే వైండింగ్ మిషన్ ఉన్న చోటికి ఆరుగురిని పంపితే నలుగురు టీలు తెస్తారు. డెయిరీ శీతలీకరణ కేంద్రం లాంటి చోట పాలు దించుకునే దగ్గర, వెన్న శాతం చూసే దగ్గర, శుభ్రం చేసే దగ్గర వంతులు వేసుకోవచ్చు కాబట్టి ఆరుగురిని సర్దవచ్చు.

రోజు లెక్క

ఒక నమూనా తీసుకుందాం. 24 మంది పిల్లలు, అందులో 14 మంది అబ్బాయిలు, 10 మంది అమ్మాయిలు. 12 మంది ఎలక్ట్రికల్ టెక్నీషియన్, 12 మంది డెయిరీ. ఎలక్ట్రికల్ వాళ్లు నాలుగు షాపుల్లో, డెయిరీ వాళ్లు రెండు కేంద్రాల్లో. రోజుకు 5 గంటల చొప్పున 16 రోజులు, అంటే 80 గంటలు. ధరలు ఊరిని బట్టి మారతాయి, మీవి వేసుకోండి. లెక్క తీరు మాత్రం ఇదే:

దారిఖర్చు: అబ్బాయిలకు 14 × 16 × 50 = 11,200. అమ్మాయిలకు బస్సు దిగాక షేర్ ఆటోకు 10 × 16 × 20 = 3,200. మొత్తం రూ. 14,400.
మధ్యాహ్న భోజనం: 24 × 16 × 60 = రూ. 23,040.
రక్షణ సామగ్రి: ఎలక్ట్రికల్ వాళ్లకు బూట్లు, హెల్మెట్, గ్లౌజులు, కళ్లద్దాలు, ఏప్రాన్ కలిపి 12 × 1,400 = 16,800. డెయిరీ వాళ్లకు గమ్‌బూట్లు, ఏప్రాన్, టోపీ, గ్లౌజులు 12 × 700 = 8,400. మొత్తం రూ. 25,200.
ప్రమాద బీమా: 24 × 100 = రూ. 2,400.
నేర్చుకోవడంలో పాడయ్యే సరుకు (తీగ, స్విచ్‌లు, పరీక్ష రసాయనాలు): 24 × 250 = రూ. 6,000.
నేర్పే మేస్త్రీలకు గౌరవవేతనం: 6 చోట్లకు 1,000 చొప్పున రూ. 6,000.
లెక్చరర్ల తనిఖీ: ఇద్దరు, ఎనిమిదేసి రోజులు, రోజుకు 200 చొప్పున రూ. 3,200.
లాగ్‌బుక్‌లు: 24 × 60 = రూ. 1,440.

మొత్తం 81,680. దీనిమీద 5 శాతం చేతిలో ఉంచుకుంటే 85,764. తలకు 3,574 రూపాయలు, రోజుకు 223 పైచిలుకు. ఇందులో స్టైపెండ్ లేదు. రోజుకు వంద రూపాయల స్టైపెండ్ కలిపితే ఇంకో 38,400 పెరుగుతుంది. బస్సుకీ బువ్వకీ కలిపి 37,440, అంటే స్టైపెండ్ కలపని మొత్తంలో దాదాపు సగం. మామూలుగా ప్రతిపాదనల్లో కనిపించని పద్దులు కూడా ఇవే.

దారిఖర్చులో ఒక మెలిక ఉంది. విద్యార్థి బస్ పాస్ ఇంటి నుంచి కాలేజీ వరకు ఉన్న దారికే ఇస్తారు, షాపు వేరే దిక్కున ఉంటే అది చెల్లదు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి వచ్చాక అమ్మాయిలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు. కానీ సొంత రాష్ట్రం చిరునామా ఉన్న గుర్తింపు కార్డు అసలుది చేతిలో ఉండాలి. సరిహద్దు మండలాల పిల్లలకు పక్క రాష్ట్రం బస్సులో ఇది వర్తించదు. అందుకే అమ్మాయిల పద్దును సున్నా చేయొద్దు. స్టాండు నుంచి పని చోటికి ఆటో ఖర్చు ఎలాగూ ఉంటుంది.

భోజనంలో మరొకటి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి నుంచి డొక్కా సీతమ్మ పేరుతో మధ్యాహ్న భోజనం పెడుతున్నారు. పిల్లవాడు ఆ రోజు షాపులో ఉంటే ఆ పూట అన్నం పోయినట్టే. ఓజేటీ మొదలవగానే బక్క కుటుంబాల పిల్లలు మానేయడానికి ఇదో కారణం.

బూట్ల కొలతలు ముందే రాసుకోండి. ‘అందరికీ ఎనిమిది’ అని తెప్పిస్తే పది జతలు మూలన పడతాయి. హెల్మెట్లు, కళ్లద్దాలు కాలేజీ స్టాకులో ఎక్కించి మరుసటి బ్యాచ్‌కు వాడుకోవచ్చు, బూట్లు పిల్లలకే ఇచ్చేయాలి.

మెడికల్ ల్యాబ్, ఎంపీహెచ్‌డబ్ల్యూ (మల్టీపర్పస్ హెల్త్ వర్కర్) కోర్సులుంటే లెక్కలో టీకా కూడా చేరుతుంది. రక్త నమూనాలు ముట్టుకునేవాళ్లకు హెపటైటిస్ బి టీకా మూడు డోసులు కావాలి. మొదటిది వేసిన నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. జనవరిలో ఆసుపత్రికి పంపాలనుకుంటే జూన్, జూలైల్లో మొదలుపెట్టాలి. డిసెంబర్‌లో గుర్తొస్తే డబ్బున్నా ఏం చేయలేరు. డెయిరీ, బేకరీ వంటి చోట ఆహారం ముట్టుకునేవాళ్లకు వైద్య పరీక్ష పత్రం అడుగుతారు, అది ప్రభుత్వాసుపత్రిలో ముందే తీసుకోండి.

బీమా

ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా ఉంది కదా అని చాలామంది ఊరుకుంటారు. అది 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకే. మీ జాబితాలో 18 నిండనివాళ్లకు దక్కదు. కాబట్టి న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, ఓరియంటల్, నేషనల్ లాంటి ప్రభుత్వ బీమా సంస్థల బ్రాంచిలో విద్యార్థుల గ్రూప్ ప్రమాద పాలసీకి కొటేషన్ అడగండి. రెండు మాటలు పాలసీలో ఉన్నాయో లేదో చూడండి: శిక్షణ చోట జరిగిన ప్రమాదం, అక్కడికి వెళ్లి వచ్చే దారిలో జరిగిన ప్రమాదం. మొదటిది ఉండి రెండోది లేని పాలసీలూ ఉంటాయి. ఆసుపత్రి ఖర్చు కూడా కలుపుతారేమో అడగండి, మరణానికి మాత్రమే చెల్లించే పాలసీతో వేలు తెగిన పిల్లవాడికి ఒరిగేదేమీ లేదు. పాలసీ నంబరు చేతికి రాకుండా ఒక్క విద్యార్థినీ పంపొద్దు.

ఏ పద్దు ఎవరి దగ్గర అడగాలి

పని చోటు ఇచ్చేవాళ్ల దగ్గర మొదలుపెట్టండి. వాళ్లను డబ్బు అడగొద్దు, వస్తురూపంలో అడగండి. క్యాంటీన్ ఉన్న డెయిరీ 12 మందికి భోజనం పెడితే మన లెక్కలో 11,520 తగ్గుతుంది. వాళ్లకు అది క్యాంటీన్ లెక్కలో కలిసిపోతుంది. కంపెనీ బస్సు మీ ఊరి మీదుగా పోతుంటే సీట్లు అడగండి. చిన్న షాపు సేటును అలా అడగలేం, ఆయన మేస్త్రీ గంటసేపు చూపించడమే ఆయన వాటా. గౌరవవేతనం కూడా యజమానికి ఇవ్వక, నేర్పిన మేస్త్రీ చేతికే సంతకం తీసుకుని ఇవ్వండి. వెయ్యి రూపాయలకు అంత తేడా వస్తుందా అంటారు. వస్తుంది. పిల్లలను పనిలోకి పిలిచేది యజమాని కాదు, మేస్త్రీ.

సమగ్ర శిక్ష కింద వృత్తి విద్య మంజూరైన బడి అయితే ఆ దారి చూడండి. ఇది కేంద్రం 60, రాష్ట్రం 40 వంతున భరించే పథకం, డబ్బు వార్షిక ప్రణాళికలో ఎక్కితేనే వస్తుంది. జిల్లా కార్యాలయం ప్రణాళిక తయారుచేసేటప్పుడే పిల్లల సంఖ్య, ట్రేడు, పని చోట్ల పేర్లతో మీ అవసరం రాసివ్వాలి. మీ సంస్థ ఆ జాబితాలో లేకపోతే ఈ పద్దు మీద ఆశ పెట్టుకోవద్దు. ఉంటే మార్చి 31 గుర్తుంచుకోండి, ఖర్చు కాని సొమ్ము వెనక్కి పోతుంది. ఫిబ్రవరిలో డబ్బు పడి, పరీక్షల వల్ల వాడలేక పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. శిక్షణ డిసెంబర్‌లోపు ముగిసేలా పెట్టుకుంటే ఈ బాధ తగ్గుతుంది.

ఎంపీ ల్యాడ్స్ (ఎంపీ సిఫారసు చేసే స్థానిక అభివృద్ధి) నిధులు శాశ్వత ఆస్తులకు ఇచ్చేవి. ల్యాబ్ గది అడగవచ్చు, బస్సు ఛార్జీ అడిగితే ఫైలు తిరిగొస్తుంది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్, తల్లికి వందనం డబ్బు కుటుంబాలవి. వాటిని ఆదాయంగా చూపించి ‘తల్లిదండ్రుల వాటా’ అని రాయడం తప్పు, దాతలకు కూడా అనుమానం వస్తుంది.

పూర్వ విద్యార్థులు, వ్యాపార సంఘాలు, లయన్స్, రోటరీ క్లబ్బులు దారిఖర్చు, భోజనం లాంటి రోజువారీ పద్దులకు మంచి దాతలు. ‘ఒక విద్యార్థికి 16 రోజులు బస్సు, భోజనం: రూ. 1,760’ అని చెబితే వెంటనే లెక్క అర్థమవుతుంది. పన్ను మినహాయింపు కావాలన్నవాళ్లకు 80జీ ఉన్న ట్రస్టు రసీదు కావాలి. రూ. 2,000 దాటి నగదుగా ఇస్తే మినహాయింపు రాదు, కాబట్టి చెక్కో యూపీఐయో చేయమనండి.

సీఎస్ఆర్: అడిగే తీరు

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు (సీఎస్ఆర్) ఖర్చుపెట్టాలి. ఉపాధికి పనికొచ్చే వృత్తి నైపుణ్యాలు ఏడో షెడ్యూల్‌లో ఉన్నాయి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టమే చెబుతోంది. జిల్లాలో ఎవరెంత ఖర్చుపెట్టారో జాతీయ సీఎస్ఆర్ పోర్టల్‌లో చూసి ముగ్గురు నలుగురిని ఎంచుకోండి. శ్రీసిటీ, అచ్యుతాపురం, పాశమైలారం లాంటి పారిశ్రామిక వాడల చుట్టుపక్కల కాలేజీలకు ఇది కొంత సులువు.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, కంపెనీ వేరే సంస్థ ద్వారా ఖర్చు చేయాలంటే ఆ సంస్థకు 12ఏ, 80జీ (ఆదాయపు పన్ను శాఖవి), సీఎస్ఆర్-1 (కంపెనీ వ్యవహారాల శాఖది) నమోదు ఉండాలి. ప్రభుత్వ కాలేజీకి అవి ఉండవు. ఇక్కడే చాలా ప్రతిపాదనలు ఆగిపోతాయి. దానికి మంచి దారి, డబ్బు మన ఖాతాకు రాకుండానే కంపెనీ నేరుగా ఖర్చుపెట్టడం. బూట్ల బిల్లు, బీమా ప్రీమియం కంపెనీయే కడుతుంది, సరుకు అందినట్టు మనం రసీదు ఇస్తాం. ఆడిట్ ఇద్దరికీ తేలిక. పైన చెప్పిన నమూనాలో రక్షణ సామగ్రి, బీమా కలిపి 27,600 ఇలా తీరుతుంది.

శిక్షణ చోటు, సీఎస్ఆర్ దాత ఒకే కంపెనీ అయితే జాగ్రత్త. తమ ఉత్పత్తి లైన్లో నిలబెట్టిన పిల్లలకు ఇచ్చినది సీఎస్ఆర్‌గా రాయబోతే, సాధారణ వ్యాపారంలో భాగమైన పనిని ఆ లెక్కలో చూపకూడదన్న నిబంధన అడ్డొస్తుంది. దాత ఒకరు, చోటు మరొకరు అయితే ఈ తలనొప్పి ఉండదు.

కంపెనీల బోర్డులు ఏడాది ప్రణాళికను ఆర్థిక సంవత్సరం మొదట్లోనే ఖరారు చేస్తాయి. జనవరి, ఫిబ్రవరిలో కలిసి వస్తే తర్వాతి ఏడాదికి పేరు ఎక్కుతుంది. నవంబర్‌లో వెళ్లి డిసెంబర్‌కు అడిగితే మిగిలిన చిల్లరే దొరుకుతుంది. ఉత్తరం ఒక పేజీ మించొద్దు. ఇలా ఉంటే చాలు:

‘మా కాలేజీలో ఎలక్ట్రికల్, డెయిరీ కోర్సుల రెండో సంవత్సరం విద్యార్థులు 24 మంది నవంబర్‌లో 16 రోజులు ఆరు చోట్ల శిక్షణకు వెళ్తున్నారు. చోట్ల అంగీకార పత్రాలు జతచేశాం. భోజనం, దారిఖర్చు సమకూరాయి. రక్షణ సామగ్రికి 25,200, బీమాకు 2,400 కావాలి. రెండింటికీ మూడేసి కొటేషన్లు జతచేశాం. బిల్లు మీరు నేరుగా చెల్లించవచ్చు. శిక్షణ ముగిసిన 15 రోజుల్లో హాజరు పట్టిక, ఫొటోలు, సరుకు రసీదులు అందజేస్తాం.’

ఇందులో ‘సమకూరాయి’ అన్న మాటే ఎక్కువ పని చేస్తుంది. మిగతావాళ్లు ముందే ముందుకొచ్చిన పని అని తెలిస్తే దాత ధైర్యంగా సంతకం పెడతాడు. నిజంగా సమకూరాకే ఆ మాట రాయండి.

మిగిలిన పద్దుల్లో పాడయ్యే సరుకు 6,000 కాలేజీ ల్యాబ్ ఖర్చుల్లోంచి, తనిఖీ, లాగ్‌బుక్‌ల 4,640 కాలేజీ నిధుల్లోంచి తీస్తే, పూర్వ విద్యార్థుల దగ్గర సేకరించాల్సింది దారిఖర్చు 14,400, షాపుల్లోని 12 మంది భోజనం 11,520, గౌరవవేతనం 6,000, మొత్తం 31,920. ఎనభై వేలు ఎవరిస్తారు అని కూర్చోవడం కన్నా ఇది చాలా నయం.

ఒప్పందం

పని చోటుతో రెండు పేజీల ఒప్పందం చాలు. రోజుకు ఎన్ని గంటలు, ఏ వారం ఏ పని నేర్పాలి, ఏ యంత్రం ముట్టుకోకూడదు, నేర్పే మేస్త్రీ పేరు, భోజనం ఎవరిది, ప్రమాదం జరిగితే ముందు ఎవరికి ఫోన్ చేయాలి, బీమా పాలసీ నంబరు. సాయంత్రం చీకటి పడకముందే వదలాలని అమ్మాయిల విషయంలో తప్పక రాయండి. తల్లిదండ్రుల సంతకం వేరే కాగితం మీద తెలుగులో తీసుకోండి, చదివి వినిపించి.

డబ్బు చేతులు మారే తీరు

దారిఖర్చు ప్రతి సోమవారం ముందుగానే ఇవ్వండి. ‘టికెట్లు దాచుకోండి, చివర్లో ఇస్తాం’ అన్న పద్ధతి రోజుకు యాభై రూపాయలు అప్పు పుట్టనివాళ్లను మొదటి వారంలోనే బయటికి నెడుతుంది. రోజుకు 50 ఇచ్చేవాళ్లకు వారానికి 300 అడ్వాన్స్, మరుసటి సోమవారం హాజరు చూసి సర్దుబాటు. రాని రోజులకు కోత, వచ్చిన రోజులకు చెల్లింపు. వీలైతే విద్యార్థి ఖాతాకు పంపండి, లేకపోతే అక్విటెన్స్ రిజిస్టర్లో (సొమ్ము ముట్టినట్టు రాసే పుస్తకం) సంతకంతో నగదు.

లాగ్‌బుక్‌లో ప్రతి రోజుకు ఒక వరుస: తేదీ, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, చేసిన పని, మేస్త్రీ సంతకం. ‘మోటారు పని నేర్చుకున్నాను’ అని రాస్తే ఒప్పుకోవద్దు. ‘ఒకటిన్నర హెచ్‌పీ మోటారు స్టేటర్ తీగ విప్పాను, చుట్లు లెక్కపెట్టాను’ అని ఉండాలి. అలా రాసిన లాగ్‌బుక్‌ని దాతకు చూపిస్తే వచ్చే ఏడాది ఉత్తరం రాసే పని సగం తగ్గుతుంది. పదహారు రోజులూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతలో, ఒకే సంతకంతో ఉన్న పుస్తకం కనిపిస్తే ఆ చోటికి తనిఖీ వెళ్లలేదనే అర్థం.

ప్రతి నిధికీ వేరే పేజీ ఉంచండి. సీఎస్ఆర్ బూట్లు, సమగ్ర శిక్ష సొమ్ము, పూర్వ విద్యార్థుల చందా ఒకే లెక్కలో కలిపితే యూసీ (సొమ్ము వాడినట్టు ఇచ్చే ధ్రువపత్రం) రాసేరోజు ఏది ఎవరిదో తేలదు. ఒకే బిల్లును ఇద్దరు దాతలకు చూపించడం ఆడిట్‌లో మొదట పట్టుబడే విషయం. బిల్లు మీదే దాత పేరు ఎర్ర సిరాతో రాసేయండి.

స్టైపెండ్ సంగతి

పైవన్నీ తీరాక డబ్బు మిగిలితే స్టైపెండ్ ఆలోచించండి. చదువుతున్న పిల్లలకు ఇచ్చేది శిక్షణ భత్యం అని రాసుకోండి, పని చేసిన ముక్కల లెక్కన మాత్రం ఇవ్వనీయొద్దు. అలా ఇచ్చారంటే అది శిక్షణ కాదు, కూలి.

అసలు స్టైపెండ్ కోర్సు పూర్తయ్యాకే వస్తుంది. వృత్తి ఇంటర్ పాసైనవాళ్లకు అప్రెంటిస్ చట్టం కింద టెక్నీషియన్ వొకేషనల్ అప్రెంటిస్‌గా ఏడాది శిక్షణ ఉంది. మన రెండు రాష్ట్రాలకు చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ మండలి చూస్తుంది. 2019 నిబంధనల్లో కనీస స్టైపెండ్ నెలకు రూ. 7,000, అందులో సగం కేంద్రం భరిస్తుంది. ఈ అంకెలు పెంచాలని 2025లో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫారసు చేసింది కాబట్టి ఒప్పందం రాసేరోజు నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో ఉన్న మొత్తాన్నే వేయండి. 30 మంది, ఆపైన పనివాళ్లున్న సంస్థలు రెండున్నర నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలన్నది చట్టం. ఓజేటీకి చోటిచ్చిన డెయిరీకి ఈ లెక్క చూపిస్తే మంచి పిల్లలను వాళ్లే అడుగుతారు.

పోర్టల్‌లో నమోదుకు ఆధార్‌తో అనుసంధానమైన బ్యాంకు ఖాతా కావాలి. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు ఒక్క అక్షరం తేడా ఉన్నా సొమ్ము ఆగుతుంది. ఓజేటీకి పంపే ముందు ఖాతాలు సరిచూసే పని ఎలాగూ ఉంది కాబట్టి ఆ పేర్లు కూడా అప్పుడే సరిచేయించండి. పిల్లలు కాలేజీ దాటి వెళ్లాక మళ్లీ దొరకరు.